జర్మన్ బీ2 రైటింగ్: ‘రికవర్’ అనే మాట నేర్పిన పాఠం

ఫ్రెండ్స్, గోథె బీ2 (గోథె ఇన్‌స్టిట్యూట్ పెట్టే జర్మన్ భాషా పరీక్షలో ఒక స్థాయి) రాయబోయేవాళ్ల కోసం ఇది. మొదటిసారి రైటింగ్ మాడ్యూల్‌లో నాకు 54 వచ్చాయి. పాస్ మార్కు 60. మిగతా మూడు మాడ్యూళ్లు గట్టెక్కాయి కాబట్టి ఇదొక్కటే మళ్లీ రాశాను.

ఈలోపు పాత ప్రాక్టీస్ పేపర్లు తీసి చూస్తే ఒకే తప్పు పదేపదే కనిపించింది. ఇంగ్లిష్‌లో ఆలోచించి, ‘రికవర్’ అనుకున్న ప్రతిచోటా ‘ఎర్‌హోలెన్’ రాసేశాను. తప్పిపోయిన క్లాసులకీ అదే, పోయిన డబ్బుకీ అదే. కానీ ఆ క్రియ జబ్బు, అలసట, పడిపోయిన మార్కెట్ లాంటి వాటికే. పైగా పక్కన ‘జిష్’ (‘తనను తాను’ లాంటి మాట; కర్త ‘నేను’ అయితే ‘మిష్’ అవుతుంది) ఉండి తీరాలి. మన ‘కోలుకోవడం’లో ‘కొను’ ఉన్నట్టే అనుకోండి.

ఆ పోలిక తట్టాక ఇంగ్లిష్‌ని పక్కన పెట్టేశాను. పోయింది ఏమిటో ముందు తెలుగులో చెప్పుకునేదాన్ని. నష్టం పూడ్చుకుంటాం: వెట్‌మాఖెన్, లేదా ఆవుస్‌గ్లైషెన్. బాకీ రాబట్టుకుంటాం: ఐన్‌ట్రైబెన్. నమ్మకం తిరిగి సంపాదించుకుంటాం: త్సురుక్‌గెవిన్నెన్. మళ్లీ స్పృహలోకి వస్తాం: వీడర్ త్సు బెవుస్ట్‌జైన్ కొమెన్. ఇది దాదాపు మాటకు మాట మనదే! మనకీ వేర్వేరు మాటలున్నాయి, జర్మన్‌కీ ఉన్నాయి. మధ్యలో ఇంగ్లిష్ దూరినప్పుడే నాకు అన్నీ ఒకటైపోయాయి.

బాగా టెన్షన్ పెట్టేది ‘హోలెన్’ కుటుంబం. హోలెన్ అంటే వెళ్లి తేవడం. రాయలేకపోయిన పరీక్షని తర్వాత రాస్తే నాఖ్‌హోలెన్. లేటైన రైలు వేగం పెంచి ఆ లేటుని తగ్గించుకుంటే ఆవుఫ్‌హోలెన్. ఈ రెండూ వాక్యంలో రెండు ముక్కలుగా విడిపోతాయి: ‘ఇష్ హోలె డీ ప్రూఫుంగ్ నాఖ్’ (ఆ పరీక్ష తర్వాత రాస్తాను). భూతకాలంలో మధ్యలో ‘గె’ వస్తుంది, నాఖ్‌గెహోల్ట్. ఎర్‌హోలెన్ విడిపోదు, ‘గె’ కూడా రాదు: ఎర్‌హోల్ట్.

వీడర్‌గూట్‌మాఖెన్ దగ్గర మాత్రం జాగ్రత్త. అది ముఖ్యంగా మనం ఇతరులకు చేసిన అన్యాయాన్ని, నష్టాన్ని సరిదిద్దడం. నాజీల బాధితులకు పశ్చిమ జర్మనీ ఇచ్చిన పరిహారానికి అదే పేరు. 1952లో ఇజ్రాయెల్‌తో ఒప్పందం కుదిరింది ఆ విషయం మీదే. అంత బరువైన మాటని వ్యాపారంలో వచ్చిన నష్టానికి వాడకండి.

పరీక్షలో 75 నిమిషాల్లో రెండు రాయాలి, ఒకటి 150 పదాలు, ఇంకోటి 100. డిక్షనరీ వెతికే వీలుండదు. అందుకే రోజూ ఐదు తెలుగు వాక్యాలు నేరుగా జర్మన్‌లోకి రాశాను. రెండోసారి 71 వచ్చాయి.

ఈరోజు ఇది రాసి చూడండి: ‘జ్వరం నుంచి కోలుకున్నాక, తప్పిపోయిన పరీక్ష రాశాను.’ రెండు క్రియలు. జిష్ (ఇక్కడ ‘మిష్’) ఒక్కదానికే కావాలి.