ఏడాదికి 58 మ్యాచ్‌లు, సగటు 11

పోయిన ఆదివారం మ్యాచ్ ఆడి పదకొండున్నరకల్లా ఇంట్లో ఉన్నాను. ఎవరూ ముఖం తిప్పుకోలేదు. ఈ స్థితికి రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లో ఉద్యోగస్తులు ఆడే వీకెండ్ లీగులు తెలుసుగా. మొయినాబాద్, అజీజ్‌నగర్ వైపు మ్యాట్ పరిచిన గ్రౌండ్లు, తెల్లబంతి, 20 ఓవర్లు. ఆరున్నరకి టాస్ అంటే కూకట్‌పల్లిలో నేను నాలుగున్నరకే లేవాలి. మ్యాచ్ అయ్యాక టిఫిన్, కబుర్లు, ఇల్లు చేరేసరికి ఒంటిగంట. తిని పడుకోవడమే. శని, ఆదివారాలు రెండూ ఇంతే. పెళ్లిళ్లు, పాప స్కూల్ మీటింగులు అన్నీ మా ఆవిడ నెత్తిన. తనూ ఉద్యోగమే చేస్తుంది, ఆ లెక్క నాకు తట్టలేదు.

2025 మార్చి 15, శనివారం. మామయ్యకి కంటి శుక్లం ఆపరేషన్. ఆఫీసులో రిలీజ్ ఉందని చెప్పి గ్రౌండుకి పోయాను. రెండు వారాలకి ఉగాది, అందరూ మా ఇంట్లోనే. భోజనాలయ్యాక బావమరిది ఫోన్ తీసి, "బావా, స్కోర్ల యాప్‌లో దొరికావ్" అన్నాడు. మా లీగులో ప్రతి బంతీ అందులో తేదీతో సహా ఎక్కుతుంది. మార్చి 15: 2 పరుగులు, రనౌట్.

ఎవరూ మాట్లాడలేదు. వాడు మాత్రం ఆపలేదు. ఏడాదిలో 58 మ్యాచ్‌లు అని చదివాడు. బ్యాటింగ్ సగటు 11 అని కూడా చదివాడు. నిజం చెప్తున్నా, అబద్ధం బయటపడ్డందుకన్నా ఆ పదకొండుకే ఎక్కువ సిగ్గేసింది. నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్న మామయ్య, ఒకప్పుడు ఖమ్మంలో కాలేజీ జట్టుకి ఓపెనర్, నెమ్మదిగా అడిగారు.

"బ్యాటింగ్‌కి ఏ నంబర్లో దిగుతావు అల్లుడూ?"

"ఎనిమిదండీ."

"బౌలింగ్?"

"అప్పుడప్పుడూ."

"అంటే బంతులు ఏరడానికి పోతున్నావన్నమాట."

అక్కడితో నోరు మూసుకోవాల్సింది. ధోనీని లాక్కొచ్చాను. 2015లో కూతురు పుట్టినా ప్రపంచకప్ కోసం ఆస్ట్రేలియాలోనే ఉన్నాడు కదా అన్నాను.

"కప్పు వచ్చిందా?" అంది మా ఆవిడ వంటింట్లోంచి. సెమీస్‌లోనే పోయింది మరి. "2020లో అదే ఆస్ట్రేలియాలో కోహ్లీ ఒక్క టెస్టు ఆడి భార్య కాన్పుకని వచ్చేశాడు. అడిలైడ్‌లో 36కే కుప్పకూలిన జట్టు, ఆయన లేకుండానే సిరీస్ 2-1తో గెలిచింది. మీరు లేకపోతే మొయినాబాద్ మునిగిపోతుందా?"

తనకి క్రికెట్ తెలీదని పదేళ్లుగా అనుకుంటున్నాను!

ఒప్పందం ఆ సాయంత్రమే కుదిరింది. నెలకి రెండు ఆదివారాలు. శనివారం బ్యాట్ ముట్టకూడదు. మ్యాచ్ తేదీలు వంటింటి క్యాలెండర్ మీద ముందే రాయాలి. టిఫిన్ ఇంట్లోనే.

మా కెప్టెన్‌కి చెప్పడం ఇంకో కథ. సీజన్‌కి ఆరువేలు ముందే కట్టించుకున్నాడు. సగమే ఆడతానంటే పైసా వెనక్కివ్వలేదు, పైగా "పర్మిషన్ రాలేదా" అని గ్రూపులో నవ్వే బొమ్మలు. ఆయనగారికింకా పెళ్లి కాలేదు లెండి. అందుకే చెప్తున్నా, సీజన్ మొత్తానికి డబ్బు కట్టకండి, ఏ మ్యాచ్‌కి ఆ మ్యాచ్ కట్టండి. శుక్రవారం రాత్రి పదకొండుకి "ఒకడు తగ్గాడు బ్రో" అని ఫోనొస్తే ఎత్తకండి. నా కొంప ముంచినవి ఆ ఫోన్లే. ఇంకోటి, ఆట తగ్గించాక నా భుజం నొప్పి పోయింది, సగటు 19కి ఎక్కింది. కెప్టెన్ సగటు 16. ఊరికే చెప్తున్నా.

మామయ్యకి ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయి. ఆ యాప్ తన ఫోన్లో వేయించుకున్నారు. మొన్న నేను కారెక్కకముందే ఫోన్ చేశారు.

"పద్నాలుగో ఓవర్లో ఆ రనౌట్ ఎవరి తప్పు?"

"అవతలివాడిది మామయ్యా."

"మార్చిలో కూడా అవతలివాడిదేనా?"