డయల్ మీద 80 ఎక్కడుంది?

పాత స్విస్ క్రోనోగ్రాఫ్ వాచీలు, అంటే స్టాప్‌వాచీ కూడా కలిసి ఉన్న చేతి గడియారాలు, సేకరించడం మొదలుపెట్టిన కొత్తలో డయల్ మీది పేరు చూసి కొనేవాణ్ణి. ఇప్పుడు డయల్ మీది గీతలు లెక్కపెట్టి గాని కొనడం లేదు. ఈ జాగ్రత్త నేర్పింది నా మొట్టమొదటి వాచీయే. 1960ల నాటి వాచీకి డయల్ కొత్త నాణెంలా మెరుస్తుంటే నా అదృష్టమనుకున్నాను తప్ప అనుమానించలేదు.

భూతద్దం పెట్టి చూసిన రోజున గుట్టు బయటపడింది. డయల్ అంచున ఉండే టాకీమీటర్ కొలత, కిలోమీటరు దూరానికి పట్టిన సెకన్లను బట్టి గంటకు ఎంత వేగమో చెబుతుంది; 3600ను ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేదే అక్కడి అంకె కనుక, 45వ సెకను ఎదుట 80 ఉండి తీరాలి. నా వాచీలో 80 దాదాపు ఒక సెకను పక్కకు జరిగి ఉంది. చిన్న డయళ్లలోని సన్నని వలయాల గాడులు రంగుతో పూడుకుపోయాయి. పాత డయల్‌కు కొత్త రంగు పూయించి, ఆ సంగతి చెప్పకుండానే నాకు అంటగట్టారన్నమాట.

చీకట్లో మెరిసే పూత కూడా ఇలాగే నిజం చెప్పేస్తుంది. డయల్ అడుగున ‘టీ స్విస్ టీ’ అని ఉంటే అది ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన పూత. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగిపోయే కాలం, 12 ఏళ్ల పైచిలుకే కాబట్టి, 1960ల నాటి అంకెలు రాత్రంతా వెలుగుతున్నాయంటే ఆ పూత ఎవరో మళ్లీ వేసినదే. అంతకు ముందు వాడిన రేడియం సంగతి వేరు: మెరుపు పోయినా దాని అర్ధాయువు 1600 ఏళ్లు, రేడియోధార్మికత అలాగే ఉంటుంది, అందుచేత అలాంటి డయల్‌ను గోకే పని ఎన్నడూ పెట్టుకోకూడదు.

పేరు కన్నా లోపలి యంత్రమే ముఖ్యమని నా అభిప్రాయం. పేరుమోసిన హ్యూయర్ కరేరా వాచీలో ఉన్న వాల్జూ 72 యంత్రమే, ఈనాడు ఎవరికీ గుర్తులేని పేర్లున్న వాచీల్లోనూ కనిపిస్తుంది. వెనక మూత తీసి బటన్ నొక్కితే, కోట బురుజులాంటి చిన్న కాలమ్ వీల్ ఒక్క పన్ను మేర తిరుగుతుంది. దాని స్తంభాల మధ్య సందులోకి మీట ముక్కు జారగానే సెకన్ల ముల్లు కదులుతుంది. గంటకు 18,000 సార్లు కొట్టుకునే యంత్రం కావడంతో ఆ ముల్లు సెకనుకు అయిదు అడుగులు వేస్తుంది. 1969లో వచ్చిన జెనిత్ ఎల్ ప్రిమెరో యంత్రం వేగం దీనికి సరిగ్గా రెట్టింపు.

మోసపోయి కొన్న ఆ మొదటి వాచీని మాత్రం అమ్మలేదు. దానిలో ఉన్నది లాండెరాన్ 48 అనే యంత్రం. పై బటన్ ముల్లును నడిపిస్తుందే గాని ఆపదు. ఆపడానికీ, సున్నాకు తేవడానికీ కింది బటనే నొక్కాలి. అది తెలియక, బాగానే ఉన్న వాచీని పాడైందంటూ రెండుసార్లు మెకానిక్ దగ్గరకు మోసుకెళ్లాను. రెండోసారి ఆయన మూత కూడా తీయకుండా, కింది బటన్ నొక్కి చూపించి తిరిగి నా చేతిలో పెట్టాడు.