డిప్లాయ్ అయినట్టే ఉంది, పేజీ మాత్రం మారలేదు: లైఫ్‌రే పోర్టల్‌తో నా అనుభవం

విశాఖపట్నంలోని ఒక విద్యాసంస్థ తన పోర్టల్ నిర్వహణను మా బృందానికి అప్పగించినప్పుడు, దానితో పాటు మా చేతికి వచ్చినవి ఒక డేటాబేస్ కాపీ, జార్ ఫైళ్లున్న (జావా కోడ్‌ను కట్టిన మూటలున్న) ఒక ఫోల్డరు, అంతకు ముందు ఆ పని చూసిన సంస్థ రాసిపెట్టిన ఒక చిన్న నోటు. డిప్లాయ్‌మెంట్ గురించి, అంటే కొత్త కోడ్‌ను సర్వర్‌లో చేర్చి నడిపించడం గురించి, ఆ నోటులో ఉన్నది ఒకే వాక్యం: జార్ ఫైలును డిప్లాయ్ ఫోల్డర్‌లో వేయాలి, అది అక్కడి నుంచి మాయమైతే పని పూర్తయినట్టు. ఆ ఒక్క వాక్యం ఎందుకు చాలదో, ఫైలు మాయమైన తరువాత సర్వర్‌ను ఏమేం అడగాలో మాకు పని చేస్తూండగా ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. వేరొకరు కట్టిన పోర్టల్‌ను నడిమధ్యలో అందుకున్నవారికి పనికొస్తుందని ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఆ పోర్టల్ లైఫ్‌రే 7.2 మీద నడుస్తోంది. లైఫ్‌రే అంటే ఇలాంటి పోర్టళ్లు కట్టడానికి వాడే జావా సాఫ్ట్‌వేర్. లైఫ్‌రే 6.2 వరకు మార్పులు చేర్పులన్నీ హుక్‌లు, ఎక్స్‌ట్ ప్లగిన్లు, పోర్ట్‌లెట్ (పేజీలో ఒక భాగంగా కనిపించే చిన్న అప్లికేషన్) వార్ ఫైళ్ల రూపంలో ఉండేవి. 2016లో వచ్చిన 7.0తో లోపలి కట్టడమే మారిపోయి, అంతా ఓఎస్‌జీఐ మాడ్యూళ్ల పద్ధతికి, అంటే జావా కోడ్‌ను విడివిడి ముక్కలుగా చేర్చి నడిపే పద్ధతికి వచ్చింది. ఈ పద్ధతిలో ప్రతి మాడ్యూలూ తనకు ఏయే ప్యాకేజీలు, ఏ వెర్షన్లలో కావాలో తన మ్యానిఫెస్ట్‌లో (జార్ లోపలి వివరాల పత్రంలో) ముందే ప్రకటిస్తుంది. అవన్నీ దొరికితేనే మాడ్యూళ్లను నడిపే కంటైనర్ దానికి ప్రాణం పోస్తుంది, ఒక్కటి తక్కువైనా దాన్ని పక్కన ఉంచేసి మిగతా పోర్టల్‌ను యథాప్రకారం నడిపిస్తుంది. ఒక మాడ్యూల్ చెడితే పోర్టల్ మొత్తం ఆగకూడదన్న ఆలోచన మంచిదే. అయితే మాడ్యూల్ పని చేయకపోయినా పోర్టల్ ఏమీ జరగనట్టే కనిపించడం కూడా దీనివల్లే జరుగుతుంది.

సంస్థ అడిగిన పని పెద్దదేమీ కాదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోగా ప్రవేశాల నోటీసులు చూపే కొత్త పోర్ట్‌లెట్ ఒకటి రావాలి, లాగిన్ పేజీలో తెలుగులో సూచనలు కనిపించాలి, థీమ్ రంగులు మారాలి. నోటీసుల పోర్ట్‌లెట్ మా ల్యాప్‌టాప్‌లన్నింటిలోనూ చక్కగా పని చేసింది. సర్వర్‌లో వేశాం, డిప్లాయ్ ఫోల్డర్ ఖాళీ అయింది, పేజీలో మాత్రం ఏ మార్పూ లేదు. మరుసటి రోజు ఉదయమే కార్యాలయ సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసి, "ఏటండీ, సర్వర్‌లో పెట్టేశామన్నారు, మా పిల్లలకి నోటీసులు కనబడటం లేదు కదా?" అని అడిగారు. ఆవిడ అడిగినది న్యాయమైన ప్రశ్న.

లాగ్ ఫైలులో ఆ సమయానికి సంబంధించిన వరుసలు చూస్తే, ఆటో డిప్లాయ్ స్కానర్ ఫలానా జార్‌ను 'ప్రాసెసింగ్' అని రాసిన వరుస ఉంది. దాని అర్థం ఇంతే: స్కానర్ ఆ ఫైలును చూసింది, జార్ అయితే ఓఎస్‌జీఐ కింద ఉన్న మాడ్యూల్స్ ఫోల్డర్‌కు, వార్ అయితే వార్ ఫోల్డర్‌కు తరలించింది. మాడ్యూల్ నిజంగా లేచి నిలబడితే, ఆ వెంటనే దాని పేరు, వెర్షన్, గుర్తింపు సంఖ్యలతో 'స్టార్టెడ్' అనే మరో వరుస రావాలి. మాకు ఆ రెండో వరుస రాలేదు.

అప్పుడు మాడ్యూళ్ల స్థితిని ఆదేశాలతో అడిగే గోగో షెల్ తెరిచాం. 7.2లో ఇది కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగరేషన్ విభాగం కిందే దొరుకుతుంది కాబట్టి సర్వర్‌లోకి టెల్‌నెట్‌తో వెళ్లవలసిన అవసరం లేదు. ఎల్‌బీ అనే ఆదేశం ఇస్తే మాడ్యూళ్ల జాబితా వాటి స్థితితో సహా వస్తుంది. 'యాక్టివ్' అంటే నడుస్తోంది. 'రిజాల్వ్డ్' అంటే కావలసినవన్నీ దొరికాయి గాని ఇంకా మొదలవలేదు. 'ఇన్‌స్టాల్డ్' అంటే ఫైలు చేరింది, అంతకు మించి ఏమీ జరగలేదు. మన వాడుకలో ఇన్‌స్టాల్ అయిందంటే పని అయిపోయిందనే అనుకుంటాం. ఇక్కడ అది మొదటి మెట్టు మాత్రమే. మా నోటీసుల మాడ్యూల్ ఆ మెట్టు మీదే ఆగి ఉంది. దాని సంఖ్యతో డయాగ్ ఆదేశం ఇవ్వగానే కారణం ఒక్క వరుసలో వచ్చింది: ఇంపోర్ట్ ప్యాకేజీ అవసరం తీరలేదు, అపాచీ పీఓఐ లైబ్రరీకి చెందిన ప్యాకేజీ కంటైనర్‌లో ఎక్కడా లేదు.

విద్యార్థుల జాబితాలు ఎక్సెల్ ఫైళ్లలో వస్తాయి గనుక వాటిని చదవడానికి మాడ్యూల్‌కు పీఓఐ కావాలి. జార్‌ను తయారుచేసే గ్రేడిల్ పరికరం ఫైలులో అది కంపైల్ఓన్లీగా ఉంది. అలా పెడితే కోడ్ కంపైల్ అవుతుంది, జార్‌లోకి మాత్రం లైబ్రరీ రాదు; నడిచే సమయానికి ఇంకెవరో దాన్ని సమకూర్చాలి. అభివృద్ధికి వాడే సర్వర్ కాపీలో ఎవరో ఎప్పుడో పీఓఐని విడిగా ఒక మాడ్యూల్‌గా వేసి ఉంచారు. ఆ కాపీనే అందరి ల్యాప్‌టాప్‌లలోకీ వెళ్లింది కాబట్టి అందరి దగ్గరా పని చేసింది, అసలు సర్వర్‌లో చేయలేదు. కంపైల్ఇన్‌క్లూడ్‌గా మారిస్తే లైబ్రరీ, దానికి అవసరమైన ఇతర లైబ్రరీలతో సహా, జార్ లోపలికే వస్తుంది. అయితే దానితో మరో చిక్కు మొదలవుతుంది: లోపలికి వచ్చిన లైబ్రరీలు తమ కోడ్‌లో ఎక్కడో ఒకచోట ప్రస్తావించిన ప్రతి ప్యాకేజీనీ, మనం ఆ భాగాన్ని ఎన్నడూ వాడకపోయినా, మ్యానిఫెస్ట్‌ను రాసే బీఎన్‌డీ పరికరం అవసరాల జాబితాలో చేర్చేస్తుంది. అందువల్ల మేం ఒక పేరు తీర్చగానే డయాగ్ మరో పేరు చెబుతూ పోయింది. మనకు అక్కర్లేని ప్యాకేజీలను బీఎన్‌డీ ఫైలులో ఆశ్చర్యార్థకం ముందుపెట్టి తొలగించడమో, ఐచ్ఛికం అని ప్రకటించడమో చేయాలి. ఏది నిజంగా అక్కర్లేనిదో ఒక్కొక్కటీ చూసి తేల్చుకోవాలి తప్ప, నక్షత్రం గుర్తు పెట్టి అన్నింటినీ ఐచ్ఛికం చేయడం నాకు సమ్మతం కాదు. అలా చేస్తే డిప్లాయ్ సమయంలో కనబడవలసిన లోపం, ప్రవేశాల రోజున ఎవరో బటన్ నొక్కినప్పుడు బయటపడుతుంది.

ఇదంతా అయ్యాక మాడ్యూల్ యాక్టివ్ అయింది, అయినా పోర్ట్‌లెట్ పేజీలో చేర్చే జాబితాలోకి రాలేదు. మాడ్యూల్ స్థితి వేరు, అందులో అసలు పని చేసే భాగమైన కాంపొనెంట్ స్థితి వేరు. ఆ కాంపొనెంట్ మరో సర్వీసును రిఫరెన్స్‌గా అడుగుతోంది, ఆ సర్వీసు ఉన్న మాడ్యూల్‌ను ఎవరూ సర్వర్‌లో వేయలేదు. గోగోలో ఎస్‌సీఆర్ ఆదేశాలతో కాంపొనెంట్ల స్థితి చూస్తే 'అన్‌శాటిస్‌ఫైడ్' అని స్పష్టంగా ఉంది. సర్వీస్ మాడ్యూల్ వేసిన వెంటనే, సర్వర్‌ను ఆపకుండానే, పోర్ట్‌లెట్ జాబితాలోకి వచ్చింది.

లాగిన్ పేజీ విషయం వేరే రకం. పాత బృందం లైఫ్‌రే సొంత లాగిన్ మాడ్యూల్‌లోని జేఎస్‌పీని (పేజీ రూపాన్ని తయారుచేసే ఫైలును) ఫ్రాగ్‌మెంట్ బండిల్‌తో, అంటే మరో మాడ్యూల్‌కు అతుక్కుని పని చేసే మాడ్యూల్‌తో మార్చింది. ఫ్రాగ్‌మెంట్ ఎప్పుడూ యాక్టివ్ కాదు. తాను అతుక్కోవలసిన హోస్ట్ దొరికితే రిజాల్వ్డ్ దగ్గర ఆగుతుంది, అదే దానికి సరైన స్థితి. మాది ఇన్‌స్టాల్డ్ దగ్గరే ఉంది. బీఎన్‌డీ ఫైలు తెరిచి ఫ్రాగ్‌మెంట్ హోస్ట్ వరుసను దగ్గరగా చూశాం. వెర్షన్ పరిధి ఒక చదరపు బ్రాకెట్‌తో మొదలై గుండ్రని బ్రాకెట్‌తో ముగిసింది. చదరపు బ్రాకెట్ పక్కన ఉన్న వెర్షన్ పరిధిలోకి వస్తుంది, గుండ్రని బ్రాకెట్ పక్కన ఉన్నది రాదు. ఆ రెండు సంఖ్యల మధ్య తేడా చివరి అంకెలో ఒకటి మాత్రమే, అంటే సరిగ్గా ఒకే ఒక్క వెర్షన్‌కు అతుక్కునేలా రాశారు. ఆ తరువాత పోర్టల్‌కు తాజా ప్యాచ్‌లు వేయడంతో లాగిన్ మాడ్యూల్ వెర్షన్ ఒక అంకె పైకి జరిగింది. ఫ్రాగ్‌మెంట్ ఊడిపోయింది, లైఫ్‌రే తన అసలు జేఎస్‌పీని చూపించింది, లాగిన్ మాత్రం మామూలుగానే సాగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పరిధిని వెడల్పు చేస్తే సరిపోతుందని మా బృందంలో ఒక తమ్ముడు అన్నాడు. అది అతుక్కుంటుంది, నిజమే. కానీ జేఎస్‌పీ ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు ఏ హామీ లేకుండా మారే ఫైలు. కొత్త లాగిన్ మాడ్యూల్ మీద పాత జేఎస్‌పీ కూర్చుంటే, భద్రత కోసం చేర్చిన సవరణ ఏదైనా ఉంటే అది కూడా మన పాత కాపీ కింద కప్పబడిపోతుంది. జేఎస్‌పీని ఇలా మార్చడం చివరి మార్గంగా మాత్రమే వాడమని లైఫ్‌రే డాక్యుమెంటేషన్ కూడా చెబుతుంది. ఇంతకీ అక్కడ కావలసింది నాలుగు వాక్యాల తెలుగు సూచన. దాన్ని వెబ్ కంటెంట్‌గా రాసి అదే పేజీలో లాగిన్ పోర్ట్‌లెట్ పైన ఉంచాం. ఫ్రాగ్‌మెంట్ తీసేశాం. ఇప్పుడు ఆ వాక్యాలు మార్చాలంటే సూపరింటెండెంట్ గారే మార్చుకుంటున్నారు.

అన్నింటికంటే నన్ను కలవరపెట్టినది నోటీసుల్లో తెలుగు అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు రావడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసిన నాటి నుంచి ఈ సంస్థ తన డేటా కాపీని ఊరి బయట మరోచోట కూడా ఉంచుతోంది. ఆ కాపీ నుంచే పరీక్షల సర్వర్‌ను, అంటే మా మార్పులను ముందుగా పరీక్షించి చూసుకునే సర్వర్‌ను తయారుచేశాం. పాత వ్యాసాల్లో తెలుగు నిక్షేపంగా ఉంది, కొత్తగా టైపు చేసిన నోటీసుల్లో మాత్రం ప్రశ్నార్థకాలే. తప్పుడు అక్షరాలు రెండు రకాలు. తలపై గీత ఉన్న లాటిన్ 'ఏ' లాంటి అక్షరాలు వరుసగా వస్తే బైట్లు భద్రంగా ఉన్నట్టే, చదివే పద్ధతే తప్పు. ప్రశ్నార్థకాలు వస్తే అసలు అక్షరం పోయినట్టే, దాన్ని తిరిగి తెచ్చే దారి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో ఏదైనా, యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. 'విశాఖపట్నం' అనే మాటలో ఒత్తులు, గుణింతాలు కలిపి 10 సంకేతాలు, అంటే 30 బైట్లు. పశ్చిమ యూరప్ భాషల అక్షరాల కోసం చేసిన లాటిన్-1లో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు.

ఆ సర్వర్‌లో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అప్రమేయ అక్షరమాల (క్యారెక్టర్ సెట్) యూటీఎఫ్-8 రకమైన యూటీఎఫ్8ఎంబీ4 అయింది గాని, అంతకు ముందు లాటిన్-1. పోర్టల్ సెట్టింగులుండే పోర్టల్-ఎక్స్‌ట్ ప్రాపర్టీస్ ఫైలులోని జేడీబీసీ చిరునామాలో (జావా డేటాబేస్‌తో కలిసే చిరునామాలో) క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అనే భాగం లేదు. అందువల్ల డ్రైవర్ సర్వర్ అక్షరమాలనే తీసుకుని, తెలుగును డేటాబేస్‌కు పంపే ముందే ప్రశ్నార్థకాలుగా మార్చేస్తోంది. చదివేటప్పుడు మాత్రం పాత పట్టికల్లోని అక్షరమాలను గౌరవిస్తోంది. చిరునామా సరిచేశాక నోటీసు దాచబోతే ఈసారి లోపం సందేశం వచ్చింది, స్ట్రింగ్ విలువ సరికాదని. ఆ సందేశం చూసి నిజంగా సంతోషించాను, ఎందుకంటే అది మౌనంగా అక్షరాలను మింగేయడం లేదు. డేటాబేస్‌ను సృష్టించినప్పుడు అక్షరమాల చెప్పకపోవడంతో, మా మాడ్యూల్ కొత్తగా సృష్టించిన పట్టిక లాటిన్-1లో పుట్టింది. డేటాబేస్‌నూ ఆ పట్టికనూ యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాం. పోయిన నోటీసులను కార్యాలయంలో మళ్లీ టైపు చేయవలసి వచ్చింది.

మిగతావి తొందరగానే తేలాయి. డేటాబేస్‌ను ఒక సర్వర్ నుంచి మరోదానికి తెచ్చినప్పుడు సైట్ వర్చువల్ హోస్ట్ (సైట్ వెబ్ చిరునామా) కూడా దానితోనే వస్తుంది, కాబట్టి పరీక్షల సర్వర్‌లో లింకు నొక్కితే అసలు సైట్‌కు వెళ్లేది. వెతుకులాట ఖాళీగా వస్తే, వెతకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ సూచిక డేటాబేస్‌తో రాదని గుర్తించి రీఇండెక్స్ చేశాం. ఒక మాడ్యూల్ జావా 11తో కంపైల్ కావడం, సర్వర్‌లో జావా 8 ఉండటం డయాగ్ చెప్పగానే తెలిసింది. ఒకసారి ఎవరో, పోర్టల్‌ను నడిపే సర్వర్ అయిన టామ్‌క్యాట్‌ను రూట్ (సర్వాధికారాలున్న) ఖాతాతో మొదలుపెట్టడంతో ఓఎస్‌జీఐ స్టేట్ ఫోల్డర్ యజమాని మారిపోయి, ఆ తరువాత మామూలు ఖాతాతో సర్వర్ లేవలేదు. యాజమాన్యం సరిచేసి, సర్వర్ ఆగి ఉండగా ఆ ఫోల్డర్‌నూ టామ్‌క్యాట్ వర్క్ ఫోల్డర్‌నూ ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాం. థీమ్‌లో లోగో రాకపోవడానికి కారణం ఫైలు పేరులో ఒక క్యాపిటల్ అక్షరం. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లైనక్స్ పట్టించుకుంటుంది.

ఇప్పుడు మా నోటులో ఆ పాత వాక్యం లేదు. జార్ వేసినవారు స్టార్టెడ్ వరుసను, ఎల్‌బీలో స్థితిని, కాంపొనెంట్ స్థితిని చూసి, లాగ్‌లోని ఆ వరుసలను పని రికార్డులో అతికించిన తరువాతే సంస్థకు ఫోన్ చేయాలి. పరీక్షల సర్వర్ జావా, మైఎస్‌క్యూఎల్, ప్యాచ్ స్థాయి మూడూ అసలు సర్వర్‌వే. ఈఏపీసెట్ నోటీసులు సమయానికి తెలుగులోనే వెళ్లాయి. 7.4కు మారే పని మొదలుపెట్టాం. పాత బృందం వదిలిన ఫ్రాగ్‌మెంట్లలో ఇంకా ఒకటి మిగిలి ఉంది, అది డాక్యుమెంట్ల పేజీకి సంబంధించినది. దాన్ని జేఎస్‌పీ తాకకుండా ఎలా తీసేయాలో ప్రస్తుతం చూస్తున్నాం.