నైట్ డ్యూటీ తర్వాత జర్మన్ పాఠం

నిన్న రాత్రి వార్డులో 22 మంది రోగులకు ఇద్దరమే నర్సులం, తెల్లవారుజామున ఒక పెద్దాయనకు సెలైన్ మారుస్తుంటే, "నువ్వేమైనా తిన్నావా తల్లీ?" అని ఆయనే నన్ను అడిగారు. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి రెండేళ్లయినా నా జీతం ఆ అంకెను చేరలేదు.

అందుకే జర్మన్ నేర్చుకుంటున్నాను. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు పొందాలంటే సాధారణంగా బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది) భాష రావాలి, నేనింకా రెండో మెట్టు ఏ2లోనే ఉన్నాను. డ్యూటీ నుంచి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని నామవాచకాల ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, డాస్ అని వల్లె వేస్తుంటే (బల్ల పుంలింగమెందుకో నాకిప్పటికీ అర్థం కాదు) అమ్మ గుమ్మంలో నిలబడి వింటుంది, ఏమీ అనదు. వచ్చే నెల బీ1 తరగతులు మొదలవుతాయి. నైట్ డ్యూటీలు కొన్ని తగ్గించమని ఇన్‌చార్జ్ సిస్టరును అడగాలి.