తద్దినం దాకా

చాప్లిన్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది చార్లీ చాప్లిన్ ఒక్కడే. న్యూజెర్సీలో అత్తయ్యగారు హాస్పిటల్లో ఉన్నప్పుడు నర్సు వచ్చి చాప్లిన్ గారిని పంపమంటారా అంటే మా ఆయన "వద్దండీ, మేం హిందువులం" అనేశారు, మతం మార్చే పాస్టర్ ఎవరో వస్తున్నారనుకుని. నేనూ అదే అనుకున్నాలెండి.

మర్నాడు ఆ చాప్లిన్ గారే వచ్చారు, మాటల్లో తెలిసింది హాస్పిటల్ చాప్లిన్లు మతప్రచారం చెయ్యకూడదట, రోగులకీ ఇంట్లోవాళ్ళకీ మనసులో బాధ చెప్పుకోడానికి తోడుగా ఉండడమే వాళ్ళ పనట. బోర్డ్ సర్టిఫికేట్ రావాలంటే మాస్టర్స్ డిగ్రీ, ఆ పైన 1600 గంటల ట్రైనింగ్. హిందూ చాప్లిన్లు, ముస్లిం చాప్లిన్లు, ఏ దేవుణ్ణీ నమ్మని చాప్లిన్లు కూడా ఉన్నారట.

అత్తయ్యగారికి పాంక్రియాస్ క్యాన్సర్, లివర్‌కి పాకేసింది. ఇంకో కీమోనా, లేక జబ్బుకి వైద్యం ఆపేసి చివరిదాకా నొప్పి తెలియకుండా చూసుకునే హాస్పిసా తేల్చుకోండి అంటున్నారు డాక్టర్లు. తెలుగులో చెప్పే డ్యూటీ బావగారిది, డాక్టర్ పావుగంట చెప్పిందంతా "ఏం లేదమ్మా, నీరసం తగ్గాక ఇంకో మందిస్తారట" అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు. తప్పు పట్టలేం, కన్నతల్లికి ఆ మాట ఏ నోటితో చెప్తారు?

చాప్లిన్ గారు కుర్చీ మంచం పక్కకి లాక్కుని కూర్చుని, కొడుకులతో కాదు, ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టించి మాట్లాడారు. జబ్బు ఊసే లేదు ముందు. ఏ ఊరు, ఏం వండేవారు, పిల్లలు చిన్నప్పుడు ఎలా ఉండేవారు, ఇవే. చాలాసేపయ్యాక "ఇప్పుడు మీకు దేనిమీద బెంగగా ఉంది?" అని అడిగారు.

"వచ్చే నెల బహుళ దశమికి మా ఆయన తద్దినం. అది నా కళ్ళముందు జరగాలి, నేను తెలివిలో ఉండాలి. ఆ తర్వాత ఏమైనా పర్లేదు. వీళ్ళు నన్ను గొట్టాల మధ్య పడేస్తారేమోనని భయం" అన్నారు అత్తయ్యగారు. బావగారు లేచి బయటకెళ్ళిపోయారు.

బహుళ దశమి అంటే ఏ తేదీ అని చాప్లిన్ గారు అడిగితే పంచాంగం యాప్ తీసి చూపించాను. రాసుకున్నారు. మర్నాటి ఫ్యామిలీ మీటింగ్‌లో డాక్టర్ల ముందు మొదట పెట్టింది ఆ తేదీనే. కీమో మొదలుపెడితే ఆ రోజుకి ఆవిడ హాస్పిటల్లోనే ఉండొచ్చు అన్నారు డాక్టర్, అంతే, మూడు రోజులుగా తెగని వాదన అక్కడే తెగిపోయింది. హాస్పిస్‌తో ఇంటికొచ్చేశాం. నొప్పి మందు కూడా హాస్పిస్ నర్సు మరీ మత్తు రాకుండా చూసి ఇచ్చేవారు.

మన దేశంలో సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌ని, అంటే బతికే ఆశ లేనప్పుడు ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని, ఒప్పుకుంది, 2023లో ఆ పద్ధతిని కాస్త సులువు కూడా చేసింది. కాగితం సరే, కుర్చీ లాక్కుని కూర్చుని అడిగే మనిషేరి? హైదరాబాద్‌లో మా పెదనాన్న ఐసీయూలో ఉన్నప్పుడు మమ్మల్ని అడిగింది బిల్లు సంగతి ఒక్కటే.

దశమి రోజు పూజారి గారు ఇంటికొచ్చారు. హాల్లో మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని, అరటికాయ కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా అడిగారు అత్తయ్యగారు. భోజనాలయ్యాక నన్ను పిలిచి "ఆ నర్సుకి ఫోన్ చెయ్యమ్మా, మందు ఎక్కువిచ్చినా ఇంక ఫర్వాలేదని చెప్పు" అన్నారు.