వాల్తేరు రాళ్ల మీద రంగుల నత్తలు

విశాఖపట్నం వెళ్లి స్కూబా డైవింగ్ చేస్తానంటే తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట. "అంత డబ్బు పెట్టేదానివి అండమాన్ వెళ్లవచ్చు కదా, అక్కడైతే నీళ్లు తేటగా ఉంటాయి" అని. ఉంటాయి, కాదనను. కానీ నేను వెతుక్కుంటూ బయలుదేరిన సీ స్లగ్గుల్లో చాలా వరకు వేలి కణుపు కంటే పెద్దవి కావు. ఎంత తేట నీళ్లలోనైనా వాటిని చూడాలంటే మొహాన్ని రాతికి జానెడు దూరం వరకు తీసుకెళ్లాల్సిందే. పైగా ఈ ప్రాణుల చరిత్రలో విశాఖకు ఉన్న స్థానం చిన్నది కాదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ వాల్తేరు రాళ్లను నీటి అడుగున చూడాలని పట్టుదలగా ఉంది.

సీ స్లగ్ అంటే గుల్లను వదిలేసిన సముద్రపు నత్త. గుడ్డులోంచి బయటపడినప్పుడు దానికీ ఓ బుల్లి గుల్ల ఉంటుంది. చాలా జాతుల్లో ఎదిగే క్రమంలో అది ఊడిపోతుంది. వీటిలో పెద్ద వర్గం నూడిబ్రాంకులు. ప్రపంచం మొత్తం మీద ఇప్పటికి 3,000కు పైగా జాతులకు పేర్లు పెట్టారు. మెత్తని ఒళ్లు, పారిపోలేని నడక, పైగా కళ్లు చెదిరే రంగులు. మరి చేపలు వీటినెందుకు మింగవు? తినే తిండే వీటికి రక్షణ. స్పంజికలను మేసే జాతుల్లో చాలావి ఆ స్పంజికల్లోని విషాలను తమ ఒంట్లో దాచుకుంటాయి. రాళ్లకు అంటుకుని పెరిగే, జెల్లీ చేపల చుట్టాలైన హైడ్రాయిడ్లను మేసేవాటిలో కొన్ని ఇంకా గడుసువి. హైడ్రాయిడ్ల దంశ కణాలను పేలిపోకుండా మింగి, తమ వీపు మీద నిలిచే సెరాటా అనే కాడల కొనల్లోకి చేర్చుకుంటాయి. అంటే శత్రువు ఆయుధాన్ని తీసుకుని తామే వాడుకుంటాయి. చాలా జాతుల్లో ఆ రంగు అందం కోసం కాదు, దగ్గరికి రావద్దని చేసే హెచ్చరిక.

నేను వెళ్లింది ఫిబ్రవరి మొదట్లో. ఈశాన్య రుతుపవనాల అలజడి సద్దుమణిగిన కాలం. మార్చి వచ్చేసరికి తీరం వెంబడి వీచే నైరుతి గాలి పైనీటిని సముద్రం లోపలికి నెట్టేస్తుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోంచి పోషకాలు నిండిన చల్లని నీరు పైకి వస్తుంది. చేపలకు అది పండగే కానీ నీళ్లు పచ్చబడి చూపు ఆనదు. అందుకే ఆ లోపే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను.

రుషికొండ బీచ్‌లో పొద్దున్నే పడవ దింపారు. ఒడ్డున విరుచుకుపడే అలలను దాటే వరకు సామాను గట్టిగా పట్టుకుని కూర్చున్నాం. ఆ తరువాత అంతా నెమ్మది. పడవ నడిపే పెద్దాయనది దగ్గరలోని జాలరి పల్లె.

"ఏ చేప కోసమమ్మా?" అని అడిగాడు.

"చేప కాదు బాబాయ్, ఇది" అని ఫోనులో ఒక ఫొటో చూపించాను.

కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "ఇలాంటివి వలలో పడతాయమ్మా. ఒడ్డుకు వచ్చేసరికి ముద్దగా అయిపోతాయి. చెత్తతో పాటు పారేస్తాం. వీటికి ఇంత రంగుంటుందని ఎవరు చూశారు?"

ఈ ప్రాణుల విషయంలో అసలు చిక్కంతా ఆ ఒక్క మాటలో ఉంది. నీటిలోంచి తీస్తే నూడిబ్రాంకు ఆకారం పోతుంది. ఆల్కహాల్ సీసాలో వేస్తే రంగూ పోతుంది. బతికున్నప్పుడు, తన చోట ఉన్నప్పుడు చూస్తేనే అది ఫలానాదని తెలిసేది.

నీళ్లలోకి దిగాక చూపు నాలుగైదు మీటర్లకు మించి ఆనలేదు. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే చోటు ఇది. డాల్ఫిన్స్ నోస్ నుంచి భీమిలి దాకా ఒడ్డున కనిపించే ఖొండలైట్ రాయే నీటి అడుగునా బండలుగా, గుట్టలుగా కొనసాగుతుంది. అండమాన్‌లో లాంటి పగడపు దిబ్బలు ఇక్కడ లేవు. కానీ బండల పక్కలన్నీ స్పంజికలూ, హైడ్రాయిడ్లూ, బార్నకిళ్లూ, అక్కడక్కడా చిన్న పగడాలూ కిక్కిరిసి ఉన్నాయి. తిండి ఇంత ఉన్నచోట తినేవి లేకుండా ఎలా ఉంటాయి?

సీ స్లగ్‌ను నేరుగా వెతికితే దొరకదు. దాని తిండిని వెతకాలి, లేదా దాని గుడ్లను. ఒక బండ నీడ వైపు నాకు మొదట గుడ్లే కనిపించాయి. ముడతలు పెట్టిన జరీ అంచును చుట్టచుట్టి నిలబెట్టినట్టు, నాణెమంత వెడల్పున తెల్లని పట్టీ. దాన్ని చూశాక కదలకుండా ఉండిపోయాను. ఫిన్లు ఒక్కసారి గట్టిగా ఆడిస్తే చాలు, అడుగున ఉన్న మన్నంతా లేచి ఏమీ కనిపించదు. ఊపిరితోనే కాస్త పైకీ కిందికీ సర్దుకుంటూ గుడ్ల చుట్టూ చూశాను. పక్కనే ఉన్న పగులులో ఉంది అది.

టార్చి వేసే వరకు బూడిద రంగు మచ్చ. ఆ లోతుకే ఎర్ర రంగును నీళ్లు చాలా వరకు మింగేస్తాయి. వెలుగు పడగానే మచ్చ కాస్తా ప్రాణిగా మారింది. నీలి బూడిద రంగు ఒళ్లు, దాని మీద పసుపు చుక్కలూ ముదురు నీలం చుక్కలూ, ముందు రెండు ఎర్రని కొమ్ములు, వెనక ఎర్రని మొప్పల గుత్తి. ఆ కొమ్ములను రైనోఫోర్లంటారు. వీటి కళ్లు వెలుగునూ చీకటినీ గుర్తించడానికి తప్ప పెద్దగా పనికిరావు. తిండిని, తోడును కనిపెట్టేది ఆ కొమ్ములే, నీటిలో కరిగిన రసాయనాల జాడ పట్టి. దగ్గరగా చూస్తే ఒక్కో కొమ్ము మీద పలుచని పొరలు వరుసగా పేర్చి ఉన్నాయి. నీళ్లు వీలైనంత మేర తగలడానికే ఆ ఏర్పాటు.

నా నీడ పడిందో ఏమో, మొప్పలు ఒక్కసారిగా లోపలికి ముడుచుకున్నాయి. అది హిప్సెలోడోరిస్ అనే ప్రజాతిదని, అంటే దగ్గరి జాతుల గుంపుదని, ఆకారాన్ని బట్టి తెలుస్తోంది, కానీ ఏ జాతి? ఇక్కడే మొప్పలు కావాలి. ఇన్‌ఫుకాటా, కంగా అని రెండు జాతులు పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. చుక్కలను చూసి తేల్చుకోవడం కష్టం. మొప్ప రెక్కల మీద కూడా పసుపు చుక్కలుంటే కంగా, లేకుంటే ఇన్‌ఫుకాటా. టార్చిని పక్కకు తిప్పి ఎదురుచూశాను. కాసేపటికి ఒక్కో రెక్కా మెల్లగా బయటికి వచ్చి విచ్చుకుంది. రెక్కల అంచులు ఎర్రగా ఉన్నాయి, పసుపు చుక్క ఒక్కటీ లేదు. ఇన్‌ఫుకాటా. ఎర్ర సముద్రం దగ్గర దొరికినవాటితో మొదట వర్ణించిన ఆ జాతి ఇక్కడ రుషికొండ రాతి పగులులో తన పాటికి తాను మేస్తోంది!

ఫొటోల గురించి ఒక మాట. అందమైన ఫొటో వేరు, పనికొచ్చే ఫొటో వేరు. మొదటి దానికి దాని ఎత్తుకు దిగి, రైనోఫోర్ల మీద ఫోకస్ పెట్టి ఎదురుగా తీస్తే చాలు. రెండో దానికి పై నుంచి ఒళ్లంతా, పక్క నుంచి మొప్పలు, పాదం అంచు, ఆ తరువాత కాస్త వెనక్కి జరిగి అది ఏ రాతి మీద, ఏ స్పంజిక పక్కన ఉందో అదంతా కావాలి. తిండి ఏదో తెలిస్తే సగం గుర్తింపు అయిపోయినట్టే. అందుకే సీ స్లగ్‌ను పుల్లతో ఎత్తి, రంగు బాగున్న మరో చోట పెట్టి ఫొటో తీసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. దాని ఒళ్లు చిరుగుతుంది, పట్టు తప్పితే అలల్లో కొట్టుకుపోతుంది. ఆ ఫొటో కూడా అబద్ధమే చెబుతుంది. మాతో దిగిన కుర్ర శిక్షకుడు ఈ విషయంలో నాకంటే కచ్చితం. చెయ్యి రాతికి ఆనబోతే చాలు, వేలు అడ్డంగా ఊపేవాడు.

మరో బండ దగ్గర అతనే నా భుజం తట్టి చూపించాడు. హైడ్రాయిడ్ల గుబురులో, అలల తాకిడికి వాటితో పాటే అటూ ఇటూ ఊగుతూ, పాలిపోయిన ఒంటి మీద నారింజ రంగు వలగీతలతో, వీపు పొడవునా జంటలు జంటలుగా కొమ్మలున్న ప్రాణి. బోర్నెల్లా. దాని నోటి ముందు చిన్న నక్షత్రాల్లాంటి స్పర్శకాలు రెండు. కెమెరా సర్దుకునే లోపు పట్టు వదిలేసింది. కిందికి రాలిపోతుందేమో అనుకున్నాను, కానీ ఒళ్లు పక్కలకు మెలితిప్పుతూ ఈదుతూ వెళ్లిపోయింది. నాకు దక్కింది ఒకే ఒక్క మసక ఫొటో. అయినా ఆ ఈత చూశాను, అది చాలు.

పైకి వచ్చే ముందు జోరున్నా ఫ్యునెబ్రిస్ అనే నూడిబ్రాంకు కనిపించింది. దూరానికి తెల్లని ఒంటి మీద నల్లని వలయాలు. కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే అవి వట్టి వలయాలు కావు, నల్లని సన్నని మొనలు గుండ్రంగా నిలిచిన గుంపులు. ఒళ్లంతా నూగే. ఈ జీవి నుంచి జోరుమైసిన్ అనే రసాయనాన్ని వేరు చేశారు. కేన్సర్ మందు ట్రాబెక్టెడిన్‌కు రసాయన నిర్మాణంలో అది దగ్గరి చుట్టం. స్పంజికలను మేసి బతికే నత్త ఒంట్లో ఇంత వ్యవహారం ఉంటుందంటే ఎవరు నమ్ముతారు?

సాయంత్రం గదిలో ఫొటోలు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ గుర్తుకొచ్చేవాడు. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వించి శిల్పాలను మద్రాసు చేర్చినవాడిగా మనకు తెలిసిన పేరు. ఆ శిల్పాలే తరువాత లండన్‌కు వెళ్లాయి, ఆ బాధ మనకు ఎప్పటికీ ఉంటుంది. ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా వాల్తేరులో ఉన్న ఆ రోజుల్లోనే ఆయన ఈ తీరపు సీ స్లగ్గులను సేకరించాడు. సీసాల్లో వేసి ఊరుకోలేదు. బతికున్నవాటిని చూసి రంగుల బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలూ, సీసాలూ ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌కు చెందిన జాషువా ఆల్డర్, ఆల్బనీ హాంకాక్‌ల దగ్గరికి చేరాయి. ఆ ఇద్దరూ 1864లో ప్రచురించిన వర్ణన మన దేశపు నూడిబ్రాంకుల మీద వచ్చిన తొలి పెద్ద రచనల్లో ఒకటి. వాళ్లకు ఆ ప్రాణుల అసలు రంగు తెలిసింది ఆ బొమ్మల వల్లే. ప్లాటీడోరిస్ ఎలియోటి అనే జాతి పేరులో ఎలియట్ ఇప్పటికీ ఉన్నాడు. టార్చి, కెమెరా, గాలి సిలిండరు ఏవీ లేని కాలంలో వాల్తేరులో కూర్చుని నత్త మొప్పల రంగు ఆరకముందే కాగితం మీదికి ఎక్కించిన ఆ చేతులకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

తరువాత అమావాస్య పాటు చూసుకుని మంగమారిపేట వెళ్లాను. సహజ శిలాతోరణం చూడటానికి వచ్చినవాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. నీళ్లు వెనక్కి తగ్గిన చోట రాళ్ల మధ్య గుంటల్లో అసలు సందడి ఉంది. ఈత రానివాళ్లు కూడా సీ స్లగ్గులను చూడగలిగే చోటు ఇది. చెప్పుల కింద ఏముందో చూసుకుని అడుగు వేస్తే చాలు. పచ్చని నాచు మీద ఆకు ముక్కలా కనిపించినది కదిలింది. ఎలీసియా. ఇది నూడిబ్రాంకు కాదు, నాచు రసం పీల్చే మరో వర్గం. నాచులోని పత్రహరిత రేణువులను అరిగించుకోకుండా తన కణాల్లోనే ఉంచుకుంటుంది, అందుకే ఆ పచ్చదనం. జాతి పేరు మాత్రం తేలలేదు. ఒంటి అంచుల గీతలు నా ఫొటోల్లో స్పష్టంగా లేవు కాబట్టి నోటు పుస్తకంలో ఎలీసియా అనే రాసి వదిలేశాను. ఊహించి పేరు పెట్టడం కంటే ప్రజాతి దగ్గర ఆగడమే మేలు.

చూడాలని ఆశపడి చూడలేకపోయింది ఒకటుంది. ఆల్డర్, హాంకాక్‌లు ఎలియట్ సేకరణతోనే ఒక కొత్త ప్రజాతిని నిలబెట్టి దానికి మన నేల పేరే పెట్టారు, కళింగ అని. కళింగ ఆర్నాటా. ఒళ్లంతా ఎర్రని మొనలున్న బుడిపెలతో, సీ స్లగ్గుల్లో పెద్దదే. నూడిబ్రాంకులు మామూలుగా ముట్టని బ్రిటిల్ స్టార్లను, అంటే నక్షత్ర చేపల చుట్టాలను, మేస్తుందంటారు. ఉండేది రాళ్ల మీద కాదు, ఇసుకా బురదా ఉన్న అడుగున. నేను దిగిన చోట్ల అది దొరికే అవకాశం తక్కువ. వలల్లో అయితే పడుతుంది.

తిరుగు ప్రయాణం రోజున పడవ బాబాయ్‌ని వెతుక్కుంటూ వెళ్లి దాని బొమ్మ చూపించాను. "ఎర్ర బుడిపెలదా? చూసినట్టే ఉందమ్మా" అన్నాడు. ఈసారి పడితే పారేయకుండా బకెట్‌లో సముద్రపు నీళ్లు పోసి, అందులో అది విచ్చుకున్నాక పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసి, మళ్లీ నీళ్లలో వదిలేయమన్నాను. వల ఎంత లోతులో వేశారో కూడా రాసి పంపమన్నాను.

"లోతు మాకు బారల్లో తెలుసమ్మా, మీటర్లు మీరే లెక్క కట్టుకోండి" అని, మనవడిని పిలిచి వాడి ఫోనులో నా నంబరు ఎక్కించాడు.