పట్టుకుంటాడు, చుట్టేస్తాడు, తినకుండా వదిలేస్తాడు: మా పైథాన్‌తో నా అనుభవం

మావాడు ఎదిగిన మగ బాల్ పైథాన్, అంటే ఇళ్లలో పెంచుకునే ఒక రకం చిన్న కొండచిలువ. నెలల తరబడి నాకు కంటి మీద కునుకు లేకుండా చేసి, ఈ వారమే మళ్లీ తిన్నాడు. ఇలాంటి బెడదతో సతమతమవుతున్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి, నా కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మొదట తిండి మానేసినప్పుడు టెన్షన్ పడలేదు. బాల్ పైథాన్‌లు పస్తులకు పేరుమోసినవి. మగవి జతకట్టే కాలంలో నెలల పాటు ఏమీ ముట్టకపోవచ్చు. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారినప్పుడూ చాలావరకు తినవు. అందుకే బరువు తూచి నోటుబుక్కులో రాసుకుంటూ ఊరుకున్నాను.

అసలు అయోమయం ఆ తర్వాత మొదలైంది. ఆకలి తిరిగొచ్చినట్టే కనిపించాడు. గడ్డకట్టించి అమ్మే చచ్చిన ఎలుకను కరిగించి పటకారుతో చూపిస్తే మెడ మెలిపెట్టి, గురి చూసి, ఠక్కున అందుకున్నాడు. చుట్లు బిగించాడు. ఇక మింగడమే తరువాయి అనుకున్నాను. చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా చుట్లు వదులు చేశాడు. నాలుక ఆడిస్తూ ఎలుక ఒళ్లంతా తడిమాడు, తోక దగ్గర ఆగాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. చివరికి దాన్ని అక్కడే వదిలేసి గూట్లోకి దూరిపోయాడు. తర్వాత పెట్టినప్పుడూ ఇదే తంతు. ఆకలి లేకపోతే పట్టడం ఎందుకు? ఉంటే వదలడం ఎందుకు?

అన్ని రకాల పెంపుడు జంతువులనూ చూస్తామని బోర్డు పెట్టుకున్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టరు బల్లకు అవతలే నిలబడ్డాడు. పాము మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తలుపు తీసే ఉంది, బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా, "ఎన్నాళ్లుగా పస్తు పెడుతున్నారు దీన్ని?" అన్నాడు. బరువులు రాసిన నోటుబుక్కు చేతికిస్తే తెరిచి చూడకుండా పక్కన పెట్టాడు. "పాముకి కూడా లెక్కలు రాస్తున్నారా?" అని అసిస్టెంటు వైపు చూసి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెట్టెలో వేడి ఎంత, తేమ ఎంత, చివరిసారి మలవిసర్జన ఎప్పుడు చేశాడు? ఒక్క ప్రశ్న లేదు. "పెంచడం చేతకాకపోతే తెచ్చుకోకూడదండీ" అని మాత్రం అన్నాడు. నేను వద్దంటూనే ఉన్నాను, అసిస్టెంటు చేత మెడ పట్టించి, నోరు తెరిపించి, చిన్న ఎలుకను ఫోర్సెప్స్‌తో గొంతులోకి నెట్టించాడు. ఆ మెలికలు, ఆ పెనుగులాట చూస్తే నా కడుపు తరుక్కుపోయింది. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

ఆ తర్వాత అంతా కక్కేశాడు. ఆ వాసన ఇల్లంతా పట్టింది.

పాము కక్కడం చిన్న విషయం కాదు. దాంతోపాటు జీర్ణరసాలూ పోతాయి, గొంతు ఒరుసుకుపోతుంది. మళ్లీ తిండి పెట్టాలంటే రెండు వారాల దాకా ఆగాలి. బలవంతంగా తినిపించడం నిజంగా చిక్కి శల్యమైన పాముకు, చేయి తిరిగినవాళ్లు చేసే ఆఖరి ప్రయత్నం. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తే ఏ వైద్యుడికీ పరువు పోదు. నోరులేని జీవి మీద ప్రయోగాలు చేస్తేనే పోతుంది.

తర్వాత సరీసృపాలకే వైద్యం చేసే ఒక డాక్టరమ్మ దొరికింది. ఆవిడ మొదట అడిగింది నా నోటుబుక్కు! 1,420 గ్రాముల నుంచి 1,340కి తగ్గాడు, అంటే 6 శాతం లోపే. 10 శాతం దగ్గరికి వస్తే ఆలోచించాలి కానీ ఇంకా కంగారు పడక్కర్లేదంది. నోట్లో జిగురు, పుండ్లు లేవు. ఊపిరిలో గురక లేదు. మలం పరీక్షలోనూ పురుగులేమీ కనిపించలేదు. అప్పుడు, "పట్టాక వదిలేస్తున్నాడంటే ఆకలి ఉన్నట్టే. ఎలుక తల వేడిగా ఉంటోందా?" అని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పైథాన్ పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చుట్లలో బిగించిన ఎలుక కదలడం మానేశాక పాము దాని తల కోసం వెతుకుతుంది, ఎందుకంటే తల వైపు నుంచి మింగితే కాళ్లు, వెంట్రుకలు అడ్డుపడకుండా వెనక్కి ఒదిగిపోతాయి. ఒళ్లు గోరువెచ్చగా, తల చల్లగా ఉంటే మావాడు తికమకపడుతున్నాడని ఆవిడ అనుమానం. గది వేడికి వస్తే చాలని ఎలుకలు అమ్మినవాళ్లు కాగితం మీద అచ్చు వేసి మరీ ఇచ్చారు. ఆ కాగితాన్ని చించేశాను.

గడువు దాటాక మునుపటికన్నా చిన్న ఎలుకను తెచ్చాను. ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనిచ్చి, కవర్లో పెట్టి వేడి నీళ్లలో ఉంచి, తుడిచి, తలకు హెయిర్ డ్రయ్యర్ పట్టాను. 38 డిగ్రీల దాకా వచ్చింది. పెట్టెకు మూడు వైపులా గుడ్డ కప్పి, లైటు ఆర్పి అందించాను. పట్టాడు, బిగించాడు, వదులు చేశాడు. ఈసారి ముక్కు నేరుగా తల మీదకే వెళ్లింది. కుడి దవడ ఒక అడుగు, ఎడమ దవడ ఒక అడుగు వేస్తున్నట్టు ముందుకు జరుపుకుంటూ భుజాల దాకా లాగేశాడు. ఆ తర్వాత తోక మాత్రమే మిగిలింది.

పామును ఎక్కడికైనా తీసుకెళ్లే ముందు ఫోన్ చేసి, "కక్కిన పాముకు ఎన్నాళ్లు ఆగి తిండి పెట్టాలి?" అని అడగండి. "వెంటనే పెట్టండి" అన్నవాళ్ల గడప తొక్కకండి. మింగాక 48 గంటలు నేను వాణ్ణి తాకలేదు. ఆ గడువు నిన్నటితో తీరింది, కక్కలేదు. వచ్చేసారి కూడా చిన్న ఎలుకే పెట్టమని డాక్టరమ్మ చెప్పింది.